కిటికీ పక్కన గోధుమ మొలకలు

"ఎవరికి ఉడిగిపోయింది?" అని షరాఫత్ బువి అడగ్గానే గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ తమ తమ టీ గిన్నెల్లోకి చూసుకున్నారు.

ఏటా చలి వెనక్కి తగ్గేవేళ మా పేట ఆడవాళ్ళం, మేం బువి అని పిలుచుకునే ఆ అవ్వ ఇంట్లో చేరతాం. ఆ ఏడు సుమలక్ ఎవరి వాకిట్లో వండాలి, కట్టెలెవరు తేవాలి, పెద్ద కడాయి ఎవరింట్లో ఉండిపోయింది, ఇవన్నీ తేల్చుకుంటాం. గోధుమ మొలకల్ని రుబ్బి, పాలు పిండి, ఆ పాలని ఒక పగలూ ఒక రాత్రీ ఆపకుండా కలియబెడితే ఎర్రగా చిక్కబడి సుమలక్ అవుతుంది. చిటికెడు చక్కెర కూడా వెయ్యం. తీపంతా మొలకల్లోంచే రావాలి. మొలక పచ్చబడిందంటే వంట చేదు. పులిసిందంటే మొత్తం పారబోయాలి. అందుకని కలియబెట్టడానికి అందరూ వస్తారు కానీ, గోధుమలు మొలకెత్తించే పని మాత్రం ఒక్క మనిషి చేతిలోనే ఉంటుంది. ఆ మనిషికి ముట్లు ఉడిగిపోయి ఉండాలి. మొలకలు సిద్ధమై రోటి దగ్గరికి వచ్చేదాకా వాటిని ముట్లుడిగిన వాళ్ళు తప్ప ఇంకెవరూ చూడకూడదు. ఇది మా ఆచారం.

ఈ ఆచారం ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఒకసారి మా పేటలో పిల్లలకి ఖురాన్ చెప్పే హనీఫా అక్కని అడిగాను. "గ్రంథంలో అయితే లేదమ్మా. కానీ పెద్దవాళ్ళు పెట్టింది, మనకెందుకు?" అంది. నేనూ అక్కడితో ఊరుకున్నాను. ఊరుకున్నానే గానీ మనసులో ఒక మూల ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

నాకు పెళ్ళై ఈ పేటకి వచ్చిన దగ్గర్నించీ గోధుమలు షరాఫత్ బువివే. ఇప్పుడామెకి ఎనభై దాటాయి. వెన్ను నిటారుగా ఉంటుంది. నేల మీద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేస్తుంది. చేతులే, ఈ మధ్య వణకడం మొదలుపెట్టాయి.

"నీళ్ళు చిలకరిస్తే ఒక మూల మడుగు, ఇంకో మూల ఎడారి," అంది బువి. "పోయినేడు ఎలాగో నెట్టుకొచ్చాను. ఇంక నా వల్ల కాదర్రా. నోరు విప్పండి. ఎవరికి ఉడిగిపోయింది?"

ఒకామె రొట్టెని ముక్కలు చేస్తూ కూర్చుంది, తినేవాళ్ళు లేకపోయినా. ఖురాన్ చెప్పే హనీఫా అక్క "మా పిల్లాడు ఏడుస్తున్నట్టున్నాడు" అని లేచి బయటికి వెళ్ళింది. ఆమె పిల్లలందరికీ పెళ్ళిళ్ళయిపోయాయి.

మా తోడికోడలు ముకద్దస్ అక్క మాత్రం తల ఎత్తుకునే కూర్చుంది. మా ఆయన అన్నగారి భార్య ఆమె, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. కనుబొమలకి ఆకుపసరు, జుట్టుకి గోరింటాకు, ఒక్క వారం తప్పదు. ముట్టు రోజుల్లో మాకు నమాజూ ఉపవాసమూ ఉండవు. ప్రతి నెలా ఓ నాలుగు రోజులు మేమంతా నమాజుకి లేస్తుంటే "నాకివాళ కుదరదమ్మా, మీరు కానివ్వండి" అని నలుగురికీ వినపడేలా చెప్పి, అరుగు మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటుంది. పోయిన రంజాన్‌లో పట్టపగలు వాకిట్లో ఖర్బూజా కోసుకు తింది, వీధి తలుపు బార్లా తీసిపెట్టి. ఆమెకి ఆగిపోయి చాలా కాలమైందని నా అనుమానం. అల్లాకి ఏం చెప్పుకుంటుందో ఏమో. అది ఆమెకీ ఆయనకీ మధ్య సంగతి.

నాకు ఆగిపోయి రెండో ఏడు నడుస్తోంది. మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవలసిందేమీ లేదనుకున్నాను. కానీ ఒకటుంది. ఆగిన తర్వాత వచ్చిన రంజాన్‌లో నెలవంక నుంచి నెలవంక దాకా ఒక్క రోజు తెగకుండా ఉపవాసం ఉన్నాను. పెద్దమనిషినైన తర్వాత అలా ఉండడం అదే మొదటిసారి. పండగ పొద్దున నమాజుకి నిలబడితే నేనేదో రెండంగుళాలు పొడుగైనట్టనిపించింది. అంత సంతోషాన్ని ఎవరితో పంచుకోవాలో తెలియక ఇంటికొచ్చి పిండి కలిపాను.

బువి మూడోసారి అడిగింది. నా గిన్నెలో టీ అయిపోయింది. చూడ్డానికి అడుగున ఆకు తప్ప ఇంకేం లేదు.

"నాకు," అన్నాను. "నాకు ఉడిగిపోయింది బువీ."

గదంతా నా వైపు తిరిగింది.

"ఏమే ఇనోయతూ," అంది ముకద్దస్ అక్క, "ముసలిదానివైపోవడానికి అంత తొందరేమిటే నీకు?"

"తొందరేం లేదక్కా. వచ్చిందాన్ని వచ్చిందంటున్నాను."

"ఊళ్ళో చాటించుకున్నాక మా మరిదికి ముఖమెలా చూపిస్తావే?"

"ఇదే ముఖం చూపిస్తాను. ఇంకోటి లేదుగా నాకు."

ఎవరో కిసుక్కున నవ్వారు. బువి నవ్వలేదు. "ఏడాది నిండిందా?" అని అడిగింది.

"రెండో ఏడు బువీ."

"మధ్యలో ఎప్పుడైనా కనపడిందా? ఒక్క చుక్క కనపడినా గోధుమల మాట తర్వాత, ముందు డాక్టరమ్మ దగ్గరికి పోవాలి. మా చెల్లెలు సిగ్గుపడి దాచుకుని పోయింది."

"లేదు బువీ. ఏమీ లేదు."

"అయితే లే," అంది బువి. "ఆ గోడకి ఆనించి ఉందే, అది నీది."

మల్బరీ చెక్కతో చేసిన పళ్ళెం అది. తలుపంత ఉంటుంది. ఒక్కదాన్నే ఎత్తలేక నెత్తిన పెట్టించుకుని వీధి మధ్యలోంచి నడిచాను. రొట్టెల కొట్టు దగ్గర మగవాళ్ళు చూశారు. ఆ పళ్ళెం నెత్తిన ఉందంటే ఏమిటో వాళ్ళకీ తెలుసు. నా చెవులు వేడెక్కాయి. కానీ మెడ నిటారుగా ఉంచాను. ఉంచకపోతే పళ్ళెం పడిపోతుంది మరి.

ఇంట్లో అసలు తిప్పలు మొదలయ్యాయి. ఇంకో కన్ను పడకూడదంటే ఎక్కడ పెట్టాలి? వంటింట్లో మా కోడలు నఫోసత్ తిరుగుతుంది. ముందుగదిలోకి వచ్చేపోయేవాళ్ళు. చివరికి మేం పడుకునే గదిలో, కిటికీ పక్కన పెట్టాను. మా ఆయన్ని వెళ్ళి ముందుగదిలో పడుకోమన్నాను.

"అల్లా దయ," అన్నాడాయన పరుపు చుట్టుకుంటూ. "ఈ చలికాలమంతా నెత్తిన ఉన్నిటోపీ పెట్టుకు పడుకున్నాను. నీ కిటికీ గోల ఇక గోధుమలు పడతాయిలే."

కిటికీ గోల అంటే, నాకు ఒంట్లోంచి ఆవిర్లు వచ్చేవి. గుండెల్లో మొదలై మెడ మీదుగా చెవులదాకా పాకేది ఆ వేడి, ఎవరో గడ్డం కింద తందూరు మూత తీసినట్టు. బొంత విసిరేసి కిటికీ తీసేదాన్ని. కొండల మీంచి చల్లగాలి ముఖానికి తగిలితే ప్రాణం లేచొచ్చేది. ఒక్కోసారి కిటికీ మూసేదాన్ని, ఒక్కోసారి మూయకుండానే నిద్రపోయేదాన్ని. సాయంత్రాలు కడుపులోకి చిక్కటి టీ పోనివ్వకుండా పుదీనా నీళ్ళు తాగాను. తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత కాలవ గట్టు వెంట మిల్లుదాకా నడిచొచ్చాను. ఒంటికి నూలు బట్ట తప్ప వేసుకోలేదు. కాస్త నెమ్మదించింది. పూర్తిగా పోలేదు.

గోధుమలు ఏరాను, కడిగాను, నానబోశాను. బిస్మిల్లా అని పళ్ళెం నిండా పరిచి తడిగుడ్డ కప్పాను. పొద్దునా సాయంత్రం నమాజుకి ముందులా కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కుని, వజూ చేసుకుని తలుపు గడియ పెట్టుకుని నీళ్ళు చిలకరించేదాన్ని. గింజలు ఉబ్బాయి. తెల్లటి ముక్కులు పొడుచుకొచ్చాయి. ఎంత మురిసిపోయానో! బిడ్డ నిద్రపోతున్న గదిలోంచి వచ్చినట్టు మునివేళ్ళ మీద బయటికొచ్చేదాన్ని.

"అత్తయ్యా," అంది నఫోసత్ ఒకరోజు పిండి పిసుకుతూ. "నేను చూస్తే నిజంగా మొలకెత్తవా అవి?"

"అలాగంటారమ్మా."

"మా ఆయన పొలంలో గోధుమలు చల్లినప్పుడు నేనూ వెళ్ళాను. అవి ఎలా మొలిచాయి మరి?"

"పిండి మెత్తగా పిసుకు," అన్నాను.

ముక్కులు పొడుచుకొచ్చాయి గానీ అక్కడే ఆగిపోయాయి. ఇంకో రోజు చూశాను, ఇంకో రోజు చూశాను. ఈపాటికి తెల్లని వేళ్ళు ఒకదాన్నొకటి పెనవేసుకుని పళ్ళెమంతా గడ్డం పెరిగినట్టుండాలి. బువి పళ్ళెంలో అయితే మొలకలన్నీ ఒక్క చాపలా పైకి లేచేవని చెప్పుకునేవాళ్ళు. నావి గింజకి గింజే, ముక్కు బయటపెట్టి ఏదో వింటున్నట్టు ఉండిపోయాయి. వాసన చూశాను, పులవలేదు. రెండ్రోజుల్లో వంట. ముకద్దస్ అక్క వాకిట్లో పొయ్యి తవ్వేశారు. అడుగంటకుండా కడాయిలో వెయ్యడానికి పిల్లలు కాలవలోంచి గులకరాళ్ళు కూడా ఏరి తెచ్చేశారు.

నమాజు చాప మీద చాలాసేపు కూర్చున్నాను. "అబద్ధం చెప్పలేదు కదా నేను. నీకు తెలుసు కదా. వీటికెందుకు తెలియడం లేదు?" అని అడిగాను. తర్వాత నా మీద నాకే అనుమానం వచ్చింది. స్నానాల గదిలోకి వెళ్ళి చూసుకున్నాను. ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నమే ముకద్దస్ అక్క జల్లెడ కావాలని వచ్చింది. వాళ్ళింట్లో మూడు జల్లెడలున్నాయి.

"గడ్డం వచ్చిందా?" అంది గుమ్మంలోంచే.

"వస్తోంది."

"వస్తోందా, వచ్చిందా?"

"వస్తోందక్కా."

నా ముఖం చదవడానికి ఆమెకి చదువక్కర్లేదు. జల్లెడ తీసుకోకుండానే వెళ్ళిపోయింది. పొద్దువాలేలోపల నఫోసత్ రొట్టెలు తేవడానికి వెళ్ళి కళ్ళనీళ్ళతో వచ్చింది.

"గోధుమలు మిమ్మల్ని ఒప్పుకోలేదట అత్తయ్యా. మీకింకా వస్తూనే ఉందట. పళ్ళెం కోసం, పెద్దరికం కోసం అబద్ధం చెప్పారట."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వయసు తగ్గించుకోడానికి నెలనెలా అబద్ధమాడే ఇళ్ళున్న వీధిలో, వయసు పెంచుకున్నానని నామీద నింద! ముసలిదాన్నంటే అన్ని మాటలూ పడ్డాను, భరించాను. అబద్ధాలకోరంటే భరించలేకపోయాను. నా మాటమీదే కదా ఆ పళ్ళెం నెత్తికెక్కింది. గోధుమలు లేవకపోతే మాటా లేవదు. ఇకమీదట ఆ వీధిలో మెడ ఎలా నిలబెట్టను?

షరాఫత్ బువి కర్ర లేకుండా నడిచొచ్చింది. ఎవరి మాటలు విందో అడగలేదు. ఆమె చూడొచ్చు కాబట్టి తిన్నగా గదిలోకి తీసుకెళ్ళాను. గుడ్డ ఎత్తి చూసింది. ఒక గింజ నోట్లో వేసుకుని కొరికింది. పళ్ళెం అడుగున చెయ్యి పెట్టింది. అక్కణ్ణుంచి ఆమె కళ్ళు కిటికీ మీదికి వెళ్ళాయి. చెక్క చట్రంలో అన్నిచోట్లా రంగు వెలిసిపోయి ఉంది, గడియ ఒక్కటే తీసీ తీసీ మెరుస్తోంది.

"తీస్తున్నావా దీన్ని?"

"తీస్తున్నాను బువీ."

"ఎందుకు?"

చెప్పాను. తందూరు మూత సంగతి, మా ఆయన ఉన్నిటోపీ సంగతి, అన్నీ. బువి మొదట పెదవి బిగబట్టింది. తర్వాత వల్లకాక పరుపు మీద కూలబడి నవ్వింది, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా.

"పిచ్చిదానా! నీకేమో చలి కావాలి, వాటికేమో వెచ్చదనం కావాలి. ఇద్దర్నీ తెచ్చి ఒక్క గదిలో పడేశావు!"

"అంటే, నా వల్ల కాదా?"

"నీ వల్ల కాకపోతే ఎవరి వల్ల? నీ వల్లే! కిటికీ ఏమైనా తనంతట తను తీసుకుందా?" కళ్ళు తుడుచుకుంది. "గోధుమలకి జలుబు చేసింది. అంతకన్నా ఏం లేదు."

"మీకూ ఆవిర్లు వచ్చేవా బువీ?"

"నాకా! మంచులోకి వెళ్ళి నిలబడేదాన్ని, చెప్పుల్లేకుండా. మా ముసలాయన దెయ్యం పట్టిందనుకుని ఇల్లంతా ఇస్రిక్ ధూపం వేయించాడు. ఆ పొగకి ఇంకా వేడెక్కి చచ్చాను."

ఇద్దరం నవ్వుకున్నాం. అంతలో బువి గొంతు తగ్గించింది. "విను. మా ఇంట్లో చిన్న పళ్ళెంలో నేనూ కాసిని గోధుమలు వేశాను. నీ మీద నమ్మకం లేక కాదు. ఇన్నేళ్ళ అలవాటు, చేతులు ఊరుకోలేదు. చక్కగా లేచాయి. బొంతలో చుట్టి పంపిస్తాను. నీ పళ్ళెంలో పరిచెయ్యి. కాస్త తగ్గుతాయి, ఫరవాలేదు. ఎవరికీ తెలియదు."

ఆమె ప్రేమకొద్దీ అంది. నాకు తెలుసు. ఒక్క మాటంటే చాలు, ఎల్లుండి నా పళ్ళెంలో తెల్లగడ్డం ఊగుతుంటుంది, వీధి నోరు మూతపడుతుంది. నా మాట నిలబడుతుంది. కానీ నిలబడేది నా మాటేనా? మళ్ళీ అందరం టీ గిన్నెల్లోకి చూసుకోవడమే కదా. నేనొకసారి తల ఎత్తాను. ఎత్తింది ఎత్తినట్టే ఉంచడం తేలికేమో అనిపించింది.

నా గింజల్ని చూశాను. ముక్కులు తెల్లగా, తడిగా, బతికే ఉన్నాయి.

"వద్దు బువీ. నావి చచ్చిపోలేదు. ఆలస్యమయ్యాయి, అంతే."

"ఆలస్యమైతే ఎందుకని అడుగుతారు."

"కిటికీ అని చెప్తాను."

"కిటికీ ఎందుకు తీశావంటారు."

"అదీ చెప్తాను."

బువి గుడ్డ మళ్ళీ కప్పింది. "మేమెవ్వరమూ చెప్పలేదే," అంది. తప్పుపడుతున్నట్టు కాదు. తన మాట బరువు తనే చేతిలో పెట్టుకుని తూచుకుంటున్నట్టు. తర్వాత లేచి, ఎప్పటిలాగే చెయ్యి ఆనించకుండా, తలగుడ్డ బిగించింది. తందూరు వెనకాల గోడకానుకుని మాకొక చిన్న కొట్టుగది ఉంది. ఇద్దరం పళ్ళెం అక్కడికి మోశాం. పైన బొంత కప్పాం.

"ఇక నువ్వు కిటికీ తీసుకో," అంది బువి. "ఇంటికప్పు తీసేసుకున్నా నాకేం పట్టదు."

వంటకనుకున్న రోజు పొద్దున ముకద్దస్ అక్క వాకిట్లో ఆడవాళ్ళంతా చేరారు. పొయ్యి మీద కడాయి ఎక్కించి ఉంది. గోడ పక్క ఆప్రికాట్ చెట్టు విరగబూసింది. నేను ఒట్టి చేతులతో వెళ్ళాను.

"గోధుమలేవి?" అంది ముకద్దస్ అక్క. అందరికోసం అడిగింది.

"మూడు రోజులు ఆగాలి," అన్నాను.

గుసగుసలు లేచాయి. అరుగు మీంచి ఎవరో "చెప్పలా?" అన్నారు.

"ఎందుకాగాలట?" అంది అక్క.

"గోధుమలు గదిలో పెట్టి రాత్రిళ్ళు కిటికీ తీసి పడుకున్నాను. వాటికి చలి కొట్టింది. కిటికీ ఎందుకు తీశానంటే, ముట్లుడిగిన దగ్గర్నించీ నాకు ఒంట్లోంచి మంటలు ఎగదన్నుతున్నాయి. ఒళ్ళంతా చెమటలు. బొంత కప్పుకోలేను. అల్లా సాక్షిగా నాకు ఆగిపోయింది. నేను చెప్పింది నిజం. తప్పు నాది కాదు, గోధుమలదీ కాదు. కిటికీది. మూడు రోజుల తర్వాత లేవకపోతే పళ్ళెం తిరిగిచ్చేస్తాను."

పూలమీద తేనెటీగల చప్పుడొకటే.

"మెడలోంచి మొదలవుతుందా?" అని చిన్నగా ఎవరో అడిగారు.

"గుండెల్లోంచి."

"నాకు చెవుల్లోంచి!" అంది హనీఫా అక్క, మొన్న ఏడుస్తున్న పిల్లాడికోసం లేచెళ్ళిన హనీఫా అక్క. "ఖురాన్ పాఠం చెప్తుంటే వస్తుందమ్మా. పిల్లలు నాకు కోపమొచ్చిందనుకుని బుద్ధిగా చదువుతారు!"

అంతే, ఇక ఆగలేదు. ఒకామె బావి గట్టు మీద తల ఆనించి కూర్చుంటుందట. ఒకామె ఎందుకు ఏడుస్తున్నానో తెలియకుండా ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తుందట, ఉల్లిపాయలున్నాయి కాబట్టి ఎవరూ అడగరట. ఒకామె నిద్రపట్టక ఇంట్లో అందరి గుండీలూ కుట్టేసింది. ఎవరో అవిసెగింజలంటే, ఎవరో చిక్కుళ్ళన్నారు. సేజ్ ఆకు టీ అని ఒకరు, అది తాగితే తనకి కడుపులో తిప్పిందని ఇంకొకరు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఎముకలు గట్టిపడాలంటే పెరుగు తినమని, బరువు మోస్తూ నడవమని చెప్పిందని ఒకామె అంటే, "బరువు మొయ్యమనా! మా అత్తగారు ఆ వైద్యం నాకు ముప్పయ్యేళ్ళ కిందే మొదలుపెట్టింది," అని ఇంకొకామె. నవ్వులు గోడ దాటి వీధిలోకి వెళ్ళాయి.

"మీరేం తిన్నారు బువీ, ఇలా ఉన్నారు?" అని అడిగారు.

"దొరికింది తిన్నాను," అంది బువి. "మొలకలు తిన్నాను. నడిచాను. అలిసిపోయినప్పుడు కూర్చున్నాను, కూర్చున్నానని ఎవరేమన్నా పట్టించుకోలేదు. ఆ చివరిదే కష్టం."

ముకద్దస్ అక్క మాత్రం ఓ పక్కగా ఉంది. తలగుడ్డ అంచుతో విసురుకుంటూ నిలబడింది. ఆ పొద్దున చలికి మేమంతా గళ్ళ శాలువాలు కప్పుకుని ఉన్నాం. ఒక్కొక్కరి చూపూ ఆ విసురుతున్న చేతిమీదికి వెళ్ళింది.

"ఎండెక్కువగా ఉంది," అంది అక్క.

ఎవరూ ఆకాశంలోకి చూడలేదు. మబ్బు పట్టి ఉందని అందరికీ తెలుసు. ఆమె చటుక్కున ఇంట్లోకి వెళ్ళిపోయింది. నాకు జాలేసింది. నవ్వొచ్చినా, జాలేసింది.

మూడో రోజు ఫజర్ నమాజు చేసుకుని కొట్టుగది తలుపు తీశాను. గుడ్డ ఎత్తబోతే ఎత్తకముందే పైకి లేచి ఉంది. మొలకలు గుడ్డని నెత్తిన పెట్టుకుని నిలబడ్డాయి. కింద వేళ్ళు తెల్లగా, ఒత్తుగా పెనవేసుకున్నాయి. పచ్చదనం ఎక్కడా లేదు. ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాను. పాలంత తీపి. అక్కడే, ఆ మట్టినేల మీదే నుదురానించి సజ్దా చేశాను.

తడి గోధుమలతో ఆ పళ్ళెం ఎంత బరువుంటుందో చెప్పలేను. ఇద్దరు పట్టుకోవాలి. కప్పిన గుడ్డ గాలికి తొలగక మానదు కాబట్టి ఆ ఇద్దరూ ముట్లుడిగినవాళ్ళే కావాలి. ఇన్నేళ్ళూ రెండో కొస పట్టుకున్నది బువి వదిన. ఆమె పోయిన చలికాలం కాలం చేసింది. వీధిలో ఆడవాళ్ళంతా నిలబడ్డారు. బువి ముందుకు రాబోయింది. ఆమె చేతులు చూసి నేనే ఆపాను.

"రెండో కొస ఎవరు పడతారు?" అన్నాను, గుమ్మంలోంచి.

ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. మొన్న వాకిట్లో అంత నవ్వినవాళ్ళే. ఆడవాళ్ళ మధ్య నవ్వడం వేరు, మగవాళ్ళు కూర్చున్న రొట్టెల కొట్టు ముందునుంచి ఆ పళ్ళెం మొయ్యడం వేరు. హనీఫా అక్క చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంది, మళ్ళీ తీసింది. నోరు విప్పడానికి నాకెంత సేపు పట్టిందో గుర్తొచ్చి ఎవర్నీ ఏమీ అనలేకపోయాను.

జనాన్ని తోసుకుంటూ ముకద్దస్ అక్క వచ్చింది. కనుబొమలకి పసరు నిగనిగలాడుతోంది. పట్టు గౌను వేసుకుంది, చెవులకి లోలాకులు పెట్టుకుంది. పెళ్ళికి వెళ్తున్నట్టుంది.

"ఏమే, చూస్తావేం? పట్టుకో," అంది, చేతులు పైకి మడుచుకుంటూ.

"అక్కా..."

"అక్కా లేదు, బొక్కా లేదు. కిందనించి పట్టు, వేళ్ళు జారతాయి. ఐదేళ్ళైంది నాకు. చాలా? ఇంకా గట్టిగా చెప్పమంటావా, రొట్టెల కొట్టుదాకా వినపడేలా?"

"వినపడిందిలే అక్కా."

"అయితే పద. ఆ ముసలాళ్ళ ముందు నువ్వు తల వంచావంటే మాత్రం పళ్ళెం నీ కాళ్ళమీద వదిలేస్తాను."

మోశాం. గాలికి మా వైపు గుడ్డ అంచు లేచింది. మా ఇద్దరికే కనపడుతూ తెల్లటి వేళ్ళు వీధి పొడుగునా వణుకుతూ వచ్చాయి. రొట్టెల కొట్టు దగ్గర మగవాళ్ళు మాటలాపారు. మా బావగారు, ముకద్దస్ అక్క భర్త, చేతిలో రొట్టెతో అలాగే ఉండిపోయాడు. ఒక్క క్షణం తర్వాత మగవాళ్ళంతా లేచి నిలబడ్డారు. గోధుమలకి లేచారో, మాకు లేచారో నేనడగలేదు.

రోటి దగ్గర పళ్ళెం దించాక ఇక అందరూ చూడొచ్చు. నఫోసత్‌ని పిలిచాను. "నువ్వడిగావు కదమ్మా, నీ చూపు పడితే మొలవవా అని. నాకు తెలియదు. కిటికీ తీస్తే మొలవవు, అది మాత్రం నా కళ్ళతో చూశాను. మిగతాది నువ్వే ఆలోచించుకో." ఆమె వేళ్ళ చాప మీద చెయ్యి వేసి, "ఎంత మెత్తగా ఉన్నాయో!" అంది.

రుబ్బాం, పిండాం, కడాయిలో పోశాం, గులకరాళ్ళు వేశాం. మధ్యాహ్నం నమాజు వేళకి పాలు మరగడం మొదలైంది. కొందరు తెడ్డు దగ్గర ఉండిపోయారు. మిగతావాళ్ళం వజూ చేసుకుని ముకద్దస్ అక్క వాళ్ళ పెద్దగదిలో చాపలు పరిచాం. నెలలో ఆ రోజులు, ఎప్పుడూ అయితే ఆమె అరుగు మీద గింజలు ఒలుచుకునే రోజులు. మేం వరసలో నిలబడ్డాం. ఎవరూ ఆమెని పిలవలేదు, ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

గుమ్మంలో గాజుల చప్పుడైంది. ముంజేతుల నుంచి నీళ్ళు కారుతుండగా వచ్చి నా పక్కన నిలబడింది. మోచేత్తో నన్ను ఇవతలికి నెట్టింది.

"కొంచెం జరుగు," అంది గొంతు తగ్గించి. "కిటికీ వైపు నాకు వదులు."

జరిగాను. ఆమె చెయ్యి చాచి కిటికీ తీసింది. ఆప్రికాట్ పూల మీంచి చల్లగాలి వచ్చి మా ఇద్దరి ముఖాలకీ తగిలింది. హనీఫా అక్క అల్లాహు అక్బర్ అంది.